వీథుల మరమ్మతు - పురపాలక బడ్జెటు

పురపాలక సంఘమును గూర్చి పట్టణవాసులు మా కేంద్రమునకు వ్రాయు లేఖలలో హెచ్చుభాగము రెండే విషయములపై నుండును: ఒకటి కుళాయి నీరు, రెండవది వీథిలోని గుంటలు. నీటి మాట మరియొకనాడు ముచ్చటింతము. నేడు గుంటలను గూర్చి, అనగా వానిని పూడ్చుటకు వలయు ధనమును గూర్చి, శ్రోతలతో కలిసి ఆలోచింపదలచితిమి. గుంట అందరి కంటికిని కనబడును. దాని వెనుకనున్న పద్దు కనబడదు.

వీథుల భారము పురపాలక సంఘములపై నిన్న మొన్న పడినది కాదు. మన భీమునిపట్నమున 1861లోనే పురపాలక సంఘ మేర్పడినది. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ సంస్థలకు అప్పగింపదగిన విధులను పన్నెండవ షెడ్యూలున పేర్కొనుచు రోడ్లను, వంతెనలను అందు చేర్చినది. విధి స్పష్టముగా చెప్పబడినది. దానికి తగిన రాబడి అంత స్పష్టముగా చెప్పబడలేదు. ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని ఊళ్ల పొలిమేరలయందు టోలుగేట్లుండి, బండ్లపై వసూలైన సుంకము స్థానిక సంస్థలకే చెందెడిది. 1931 నాటి మోటారు వాహనముల పన్ను శాసనముతో ఆ ఏర్పాటు పోయి, పన్ను ప్రభుత్వ ఖజానాకు చేరినది. స్థానిక సంస్థలకు పరిహారము ఇచ్చు పద్ధతి వచ్చినది. నేడును వాహనముపై పన్ను రాష్ట్రమునకు, ఆ వాహనము నలుగగొట్టు వీథి పురపాలకమునకు.

ఇక ఒక లెక్క వేసి చూతము. ఇది ఏ యొక్క పట్టణపు లెక్కయు కాదు, ఊహించి చెప్పునది. ఒక చిన్న నగరమున 200 కిలోమీటర్ల తారు వీథులున్నవనుకొందము. తారు పైపొర ఎనిమిదేండ్లు నిలుచునని భావింతము. అట్లయిన ఏటేట 25 కిలోమీటర్ల మేర పైపొర మార్చవలెను. బడ్జెటున చూపిన సొమ్ము 10 కిలోమీటర్లకే చాలినచో, ఒకసారి పని జరిగిన వీథికి మరల వంతు వచ్చుటకు ఇరువదియేండ్లు పట్టును. ఎనిమిదేండ్లు మంచి బాట, పండ్రెండేండ్లు చెడిన బాట! ఏటా 15 కిలోమీటర్ల పని బాకీ పడుచున్నది. ఈ బాకీ ఏ ఖాతాలోను కానరాదు. సంఘము ఎవరియొద్దనైన లక్షరూపాయలు ఋణము తీసికొన్నచో పుస్తకమున వ్రాయక తప్పదు. వీథికి చేయవలసిన పని చేయక మిగిల్చిన లక్ష మాత్రము మిగులుగా లెక్కకు వచ్చును. మిగులు బడ్జెటని సభలో బల్లలు చరచుటయు కలదు.

ఈ బాకీకి వడ్డీ కూడ గలదు, అది మిక్కిలి హెచ్చు. తారు బాటకు శత్రువు ఎండకంటె నీరు. పైపొరలో సన్నని బీట పుట్టినప్పుడే తారు పోసి మూసినచో ఖర్చు స్వల్పము. మూయనిచో ఆ బీటద్వారా వాననీరు కంకర పొరలోనికి దిగి, దాని పట్టు సడలించును. ఆపై లారీ చక్రము పడినచో పొర క్రుంగి గుంట యగును. అప్పుడు పైపొరతో సరిపోదు. పునాది త్రవ్వి కంకర మరల పరచవలెను. మన కృష్ణా గోదావరి డెల్టా పట్టణములలో ఈ బాధ మరింత ఎక్కువ. అచ్చటి నల్లమన్ను వానకు ఉబ్బి, వేసవికి బిగిసి నెఱ్ఱెలు వారును. ప్రక్కన మురుగుకాలువ పూడియున్న వీథికి ఎంత మంచి తారు వేసినను నిలువదు. కనుక కాలువలోని పూడిక తీయించు ఖర్చును రోడ్డు మరమ్మతు ఖర్చుగనే ఎంచవలెనని మా అభిప్రాయము. 1994లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన ప్రపంచ అభివృద్ధి నివేదిక ఆఫ్రికా రోడ్లను గూర్చి ఒక అంచనా ఇచ్చినది: గడచిన దశాబ్దములో 1,200 కోట్ల డాలర్లు సకాలమున మరమ్మతులకు వెచ్చించియున్నచో, రోడ్లు తిరిగి నిర్మించుటకు పట్టు 4,500 కోట్ల డాలర్లు ఆదా అయ్యెడివట!

ఇంత తెలిసియు సొమ్ము ఏల చాలదు? ఆస్తిపన్ను మొదలైన రాబడినుండి మొదట జీతములు, వీథిదీపములకును నీటి పంపులకును కరెంటు బిల్లులు, పారిశుద్ధ్యము పోవలెను. ఇవి ఆపరానివి. ఆపినను ఆ నెలలో ఎవరును అడుగనిది మరమ్మతొక్కటే. పైనుండి వచ్చు నిధులకు షరతులుండును. 2021-26 సంవత్సరములకు పదునైదవ ఆర్థిక సంఘము చిన్న పట్టణములకు సిఫారసు చేసిన గ్రాంటులలో నూటికి 60 వంతులు తాగునీటికి, పారిశుద్ధ్యమునకు ముడిపెట్టబడినవి. క్రొత్త రోడ్డునకు పథకము దొరకవచ్చును, శంకుస్థాపన జరుగును, శిలాఫలకము వెలయును. గుంట పూడ్చినందుకు ఫలకము నాటినవారిని మేమింతవరకు చూడలేదు.

ఉన్న కొద్ది సొమ్మును పంచుటయందును ఒక చిక్కు కలదు. వార్డుకింత అని సమముగా పంచుట సభలో పేచీ లేని మార్గము. కాని వీథులు సమముగా అరుగవు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున 1958-60లో జరిగిన ప్రసిద్ధ రోడ్డు పరీక్షలలో తేలినదేమనగా, ఇరుసుపై బరువు రెట్టింపైనచో బాటకు కలుగు నష్టము సుమారు పదునారు రెట్లగును. ధాన్యపు లారీలు తిరుగు మిల్లు వీథిని, సైకిళ్లు తిరుగు సందును ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు. అట్లని మిల్లు వీథులకే అంతయు పెట్టినచో, పురిటి నొప్పులు పడుచున్న తల్లిని ఆటోలో ఆసుపత్రికి చేర్చవలసిన పేటవారి గతి యేమి? వారి సందునకు కావలసినది తక్కువ సొమ్మే. అది ఏటేట, తప్పక కావలెను.

కాలము మాటయు చెప్పవలెను. ఏప్రిలులో బడ్జెటు మొదలగును. అంచనాలు, టెండర్లు ముగియుసరికి నైరృతి వానలు దిగును. కోస్తాలో ఆ వెనుక ఈశాన్యపు వానలు. తడి నేలపై తారు నిలువదు. డిసెంబరు నుండి ఎండ పొద్దులు దొరకినను, సొమ్ము మురిగిపోవునను భయముతో మార్చి నెలలో అన్ని వీథులకును ఒక్కసారిగా రోలర్లు వచ్చును. టెండర్లు వానకాలముననే ముగించి, వాన వెలిసినంతనే పని ఆరంభించుటకు అదనపు రూపాయి యేమియు అక్కరలేదు.

2004లో వెలువడిన జాతీయ పురపాలక లెక్కల గ్రంథము జంటపద్దు విధానమును సూచించి, రోడ్లను ఆస్తులుగా వ్రాసి ఏటేట తరుగుదల చూపవలెనని చెప్పినది. ఆ తరుగుదల అంకెను మరమ్మతులకు కేటాయించిన అంకె సరసన, బడ్జెటు మొదటి పుటలోనే అచ్చువేసినచో, దాగిన బాకీ సామాన్యునికి సైతము తెలియును. మరియొక చిన్న పద్దు. నీటి గొట్టములకో, తంతులకో వీథిని కోసినవారు కోతకు రుసుము చెల్లింతురు. అది సాధారణ నిధిలో కలిసిపోయినచో జీతములకో, బిల్లులకో ఖర్చగును. కోత మాత్రము వీథికి అడ్డముగా అట్లే యుండును. ఆ సొమ్మును వేరు ఖాతాలో నుంచి, ఏ కోతకు వచ్చినది ఆ కోతకే వాడవలెను. కౌన్సిలు ఒక తీర్మానము చేసినచో ఈ యేటి బడ్జెటునుండియే దీనిని మొదలుపెట్టవచ్చును.