ఆకాశము నుండి చెరువును చూచుట
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



కడప సీమలోని పోరుమామిళ్ళలో క్రీ.శ. 1369 నాటి శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు అచ్చట పెద్దచెరువు కట్టించిన వృత్తాంతము అందు చెక్కబడినది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరములు పనిచేసినట్లు లెక్క కూడ వ్రాసిరి. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము పేర్కొన్నది. ఆ దోషములలో ఒకటి, నీరు స్వల్పమై దానిక్రింద సాగుకావలసిన భూమి అధికమగుట. ఆరువందల యేండ్ల క్రిందటి ఆ మాటనే నేడు మేము మరల మీ ముందుంచుచున్నాము. ఏలయన, మన మెట్టసీమలలో పైరు పొట్టమీద ఎండిపోవుటకు తరచుగా కారణమిదియే.

అనంతపురము ప్రాంతమున సాలీనా కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు నాలుగైదు గట్టి జల్లులలో వచ్చి పోవును. చెరువులో చేరిన నీరెంత, అది ఎన్ని ఎకరములకు చాలునన్న లెక్క నారు పోయుటకు ముందే తేలవలెను. ఇంతకాలము ఆ లెక్క నీరుగంటి చూపుమీదను, పెద్దల అనుభవము మీదను నడచినది. తెలంగాణలో ఆయననే నీరడి యందురు. ఇప్పుడు దానికి తోడుగా ఉపగ్రహము వచ్చినది.

మన దేశము 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ అను ఉపగ్రహమును పైకి పంపినది. నేలను, పైరును, నీటిని పరిశీలించు మన ఉపగ్రహముల వరుస దానితో మొదలైనది. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రము ఈ చిత్రములనుండి చెరువుల నీటి విస్తీర్ణమును గణించి ‘భువన్’ ద్వారా అందరికిని అందుబాటులో ఉంచినది. ఐరోపా దేశముల సెంటినెల్-2 జంట ఉపగ్రహములు ప్రతి ఐదు దినములకొకసారి మన చెరువులపైనుండి పోవును. వాని చిత్రములు ఉచితముగా లభించును.

ఉపగ్రహమునకు నీరెట్లు తెలియును? సూర్యకాంతిలో మన కంటికి కానరాని పరారుణ కిరణములు కలవు. పచ్చని ఆకు వానిని మిక్కుటముగా తిప్పికొట్టును. నీరు వానిని మ్రింగివేయును. అందుచేత ఆ కిరణములతో తీసిన చిత్రమున చెరువు నల్లగా కనబడును, చుట్టునున్న పైరు మెరయును. చిత్రము చిన్న చిన్న గడులుగా నుండును. సెంటినెల్-2 చిత్రమున ఒక్కొక్క గడి పది మీటర్ల చదరము, అనగా మన కొలతలో సుమారు రెండున్నర సెంట్లు. నల్లని గడులను లెక్కించినచో నీటి విస్తీర్ణము వచ్చును. 2016లో ప్రయోగింపబడిన మన రిసోర్స్‌శాట్-2ఏ లోని విశాల దృష్టి కెమెరాకు గడి 56 మీటర్లు, దాదాపు 77 సెంట్లు. పెద్ద చెరువునకు అది చాలును, కుంటకు చాలదు. మబ్బు పట్టినప్పుడు ఈ చిత్రములేవియు పనికిరావు. అప్పుడు మబ్బును చొచ్చుకొని చూచు రాడార్ ఉపగ్రహములు కావలెను. 2022 ఫిబ్రవరిలో మన దేశము పంపిన ఇ.ఓ.ఎస్.-04 అట్టిదే.

ఇంతవరకు విని, ఇక నీరుగంటితో పని లేదని తలపవలదు. ఆ మధ్య మేమొక గ్రామమునకు చిత్రమును అచ్చువేయించుకొని పోతిమి. చెరువులో మూడవవంతు మాత్రమే నీరున్నట్లు అందు కనబడుచుండెను. కట్టమీద చేరిన రైతులు నవ్విరి. వృద్ధుడైన నీరుగంటి మారు మాటాడక కర్ర చేతబట్టి దిగెను. చిత్రమున పచ్చగా, నేలవలె కనబడినచోట గుర్రపుడెక్క క్రింద నడుములోతు నీరున్నది. నల్లగా నిండుగా కనబడిన ఒకచోట మోకాలు కూడ మునుగలేదు, అడుగంతయు ఒండ్రు. ఆ దినమున మేము నేర్చినది మేము చెప్పబోయినదానికంటె ఎక్కువ.

ఉపగ్రహము నీటి వెడల్పును చూచును. లోతును చూడదు. ఈ భేదమెంత పెద్దదో ఒక లెక్క చూడుడు. ఒక చెరువులో నీరు 40 హెక్టార్లు పరచుకొన్నదనుకొందము. సగటు లోతు మీటరున్నర యైనచో నీరు 6 లక్షల ఘనపు మీటర్లు. ఎండకు ఆవిరియై, నేలలో ఇంకి 2 లక్షలు పోయినను 4 లక్షలు మిగులును. వరికి హెక్టారుకు 12,000 ఘనపు మీటర్ల చొప్పున సుమారు 82 ఎకరములు పండును. ఒండ్రు పూడి సగటు లోతు ఒక్క మీటరే యైనచో, ఆవిరి, ఇంకుడు తగ్గవు గనుక, మిగులునది 2 లక్షలే. వరి 41 ఎకరములు. రెండు సందర్భములందును ఆకాశమునుండి తీసిన చిత్రమొక్కటే!

కావున చెరువు ఎండిన వేసవిలో ఒక్కసారి గర్భమును కొలిపించుడు. ఏ మట్టమునకు ఎంత విస్తీర్ణము, ఎంత నీరు అని పట్టిక వ్రాయించి పంచాయతీ కార్యాలయమున వ్రేలగట్టుడు. తూము దగ్గర కొలతరాతిని నిలిపి అంకెలు స్పష్టముగా వ్రాయించుడు. పట్టిక యున్నచో ఉపగ్రహమిచ్చు విస్తీర్ణము నీటి లెక్కగా మారును. పూడిక తీసిన ప్రతిసారియు ఆ పట్టికను తిరుగ వ్రాయవలెను. దీనిని చాలచోట్ల మరచుచున్నారు.

ఆక్రమణల సంగతి కూడ కొందరడిగిరి. 1972 నుండి అమెరికా వారి ల్యాండ్‌శాట్ చిత్రములు భద్రపరుపబడియున్నవి. చెరువు ఏయే యేండ్లలో ఎంతవరకు నిండినదో వానిలో చూడవచ్చును. కాని కరవు సంవత్సరపు చిత్రమొకదానిని చూపి ‘ఇచ్చట ఎన్నడును నీరు లేదు’ అనువారుందురు. నిండిన యేటి చిత్రమును కూడ అడుగుడు. హద్దును నిర్ణయించునవి సర్వే పటమును, పూర్తి నీటిమట్టపు రాళ్ళును. చిత్రము వానికి సాక్ష్యము మాత్రమే.

మరల ఆ గ్రామమునకు వత్తము. నీరుగంటి కొలతలను చిత్రముతో కలిపి లెక్క కట్టగా, ఆయకట్టులో సగమునకే వరి సాగునట్లు తేలినది. తూము దగ్గరి రైతులకు ఇది సమ్మతమే. వారి మళ్ళకు నీరెట్లును వచ్చును. చివరి ఆయకట్టులో రెండెకరములున్న ఒక తల్లి లేచి, “నీళ్లు లేకుంటే లేవని ముందే చెప్పండయ్యా, జొన్నైనా చల్లుకొంటాం. నిరుడు చెప్పక నా పైరు పొట్టమీద ఎండిపాయె” అనెను. సభ కొంతసేపు మాటాడలేదు. తరువాత వాదము దీపములు పెట్టువరకు సాగెను. పై మళ్ళవారు కూడ తమ భూమిలో సగము ఆరుతడి పంటలకు విడువవలెనని కొందరు, అది తమ హక్కుకు భంగమని కొందరు పట్టుపట్టిరి. ఆరుతడి పంటకు హెక్టారుకు 5,000 ఘనపు మీటర్లు చాలునని వ్యవసాయాధికారి చెప్పెను. ఈ నీటి పంపకమును ఉపగ్రహము చేయజాలదు. అది మీరును, నీటి వినియోగదారుల సంఘమును కూర్చుండి చేయవలసినది. ఆ గ్రామమువారు రెండవసారి సమావేశమై, ప్రతి రైతు వరి కొంత, ఆరుతడి కొంత వేయునట్లు ఒప్పుకొనిరి. ఇద్దరు మాత్రము సంతకము చేయలేదు.

వానలు వెనుకపట్టిన పిమ్మట, నారుమళ్ళు దున్నుటకు ముందు, మీ చెరువు చిత్రమును తెప్పించుకొని నీరుగంటిని వెంటబెట్టుకొని కట్టమీదికి పొండు. చిత్రము తీసిన తేదీని, ఆనాటి కొలతరాతి అంకెను ఒకే పుస్తకమున ప్రక్కప్రక్కన వ్రాసియుంచుడు. ఆ పుస్తకమును ఎవరడిగినను చూపుడు, ముఖ్యముగా చివరి ఆయకట్టు వారికి.