నిప్పుకు హద్దుల్లేవు, మన ప్రణాళికకు ఎందుకు?

(తోట్లవల్లూరులో ఉద్యమ మిత్రుల సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జై ఆంధ్ర అన్నవాళ్ళ సభలో అగ్నిప్రమాదాల ముచ్చటేమిటని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1972లో ఈ గడ్డ మీద విద్యార్థులు, ఉద్యోగులు రోడ్డెక్కినప్పుడు అడిగిన దాని సారం ఒక్కటే: మా బతుకు గురించిన నిర్ణయం మా దగ్గర జరగాలి. మన ఉయ్యూరు ప్రాంతపు నాయకుడు కాకాని వెంకటరత్నం గారు ఆ డిసెంబరులోనే, ఉద్యమం నడుస్తుండగానే కన్నుమూశారు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా విడిపోయింది. బెజవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్ళింది, మనం బందరు కేంద్రంగా కృష్ణా జిల్లాలో మిగిలాం. గీతలు చాలానే గీశారు. మరి నిర్ణయం ఊరికి దగ్గరైందా?

ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం, పడమటి గాడ్పు వీస్తుండగా లంకలో నిప్పంటుకుంది. మొదటి అరగంటలో ఎవరు ఎవరికి ఫోను చెయ్యాలి? నీళ్ళు ఎక్కడివి? ముసలివాళ్ళను, పశువులను ఏ దారిన తియ్యాలి? ఈ సభలో జవాబు తెలిసినవాళ్ళు చేతులెత్తండి. చూశారుగా! అందుకే ఈ ముచ్చట.

వరదకు లెక్కుంది, నిప్పుకు లేదు

కృష్ణమ్మ పొంగితే మనకో లెక్క ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇన్ని క్యూసెక్కులంటే ఒకటో ప్రమాద హెచ్చరిక, ఇన్నంటే రెండోది. 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చి ఆ రికార్డును కూడా ముంచేసింది. నష్టం తప్పలేదు. కానీ నీళ్ళు వస్తున్నాయన్న కబురు నీళ్ళకంటే ముందే లంకకు చేరే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు ఊరికే రాలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన మింగి, వేలాది ప్రాణాలు పోయాక గానీ తీరం వెంట తుఫాను షెల్టర్ల మీద సర్కారుకు గట్టిగా దృష్టి పడలేదు. శవాలు లేచాక ప్రణాళిక వేసుకోవడం మనకు అలవాటైపోయింది. నిప్పు విషయంలోనైనా ఆ అలవాటు మార్చుకుందామంటున్నాం.

డెల్టాలో అడవి లేదు గదా, కార్చిచ్చు ఎక్కడిదని అనుకోవద్దు. అంటుకోవడానికి అడవే అక్కర్లేదు. ఎండిన రెల్లు, చెరకు నరికాక మిగిలిన ఆకు చెత్త, మిషను కోత తరువాత చేలో నిలిచిన వరి మోళ్ళు, ఇంటి పక్కనే గడ్డివాము, ఆ పక్కన తాటాకు పాక. ఇవన్నీ వరసగా పేర్చిన చితుకులే. నిప్పురవ్వకు కరువా? పసుపు ఉడకబెట్టే పొయ్యి ఉంది. గాలికి ఒకదానికొకటి రాసుకునే కరెంటు తీగలున్నాయి. ఆర్పకుండా పారేసిన బీడీ ఉంది. అన్నిటికంటే ఎక్కువగా, మన చేత్తో మనమే పెట్టే మంట ఉంది.

రైతును తిట్టడానికి మేము రాలేదు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి దశాబ్దాలుగా చెరకు పండించిన నేల ఇది. నరికాక రెండో కాపు కోసం ఆకు చెత్త కాల్చడం సులువని రైతుకు తెలుసు. ఆ చెత్తను చాళ్ళ మధ్య పరిస్తే తేమ నిలుస్తుందని, కలుపు తగ్గుతుందని కూడా తెలుసు. పరచడానికి కూలి కావాలి, అగ్గిపుల్లకు అక్కర్లేదు. ఆ తేడాను ఎవరు భరిస్తారన్నది తేల్చకుండా కాల్చొద్దని బోర్డు పెడితే చాలదు. ఆ ఒక్క రైతు పెట్టిన మంట గాలి తిరిగితే పక్క కౌలు రైతు అరటితోటను తినేస్తుంది. నష్టపోయేది తరచూ కౌలుదారే. కాగితం మీద అతని పేరు లేకపోతే పరిహారం దగ్గరా అతని పేరు ఉండదు.

అన్ని శాఖలూ ఉన్నాయి, కలిసేది ఎక్కడ?

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఫైరింజనుకు 101, పోలీసుకు 112, అంబులెన్సుకు 108. మంచిదే. ఫైరింజను వచ్చిందనే అనుకుందాం. తెచ్చిన నీళ్ళు నిమిషాల్లో అయిపోతాయి. మళ్ళీ నింపుకోవాలి. ఎక్కడ? ఎండాకాలం డెల్టా కాలువలు కట్టేస్తారు. మన కె.ఇ.బి. కాలువ నిండుగా పారేటప్పుడు మంటల భయం తక్కువ. భయం ఎక్కువున్న రోజుల్లో కాలువ అడుగు కనబడుతుంది. సరే, లంకలో ఫిల్టరు బోర్లున్నాయి. కానీ మంట తీగల దగ్గరకు రాగానే కరెంటు తియ్యాలి, తియ్యకపోతే మనుషులు పోతారు. కరెంటు తీస్తే మోటార్లు ఆగుతాయి. మోటార్లు ఆగితే నీళ్ళు లేవు. లైన్‌మన్ తప్పు లేదు, ఫైర్‌మన్ తప్పు లేదు, కాలువ కట్టిన ఇంజినీరు తప్పు లేదు. ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేసినా ఇల్లు కాలిపోతుంది. ఎందుకంటే ఆ ముగ్గురూ ముందుగా ఒక చోట కూర్చోలేదు.

ఏ లైను ఆపితే ఏ బోర్లు ఆగుతాయి? ఏ రైతు దగ్గర డీజిలు ఇంజను ఉంది? ఏ చెరువులో మే నెలలోనూ నీళ్ళుంటాయి? ఏ బాటలో ఫైరింజను తిరుగుతుంది, ఏ బాటలో ట్రాక్టరు ట్యాంకరే పోవాలి? ఇవన్నీ బందరు కలెక్టరేటు ఫైళ్ళలో దొరకవు. లంకలో పనిచేసే కూలి తల్లికి తెలుసు. ఆమెను ఎవరూ అడగరు.

చట్టం అడగమనే చెబుతోంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి. దాన్ని స్థానిక సంస్థలను సంప్రదించి తయారు చెయ్యాలి. ఏటేటా సరిచూడాలి. సంప్రదించడమంటే సంతకం పెట్టించుకోవడం కాదు. ఇంకో విచిత్రం వినండి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణాలకు రాసిచ్చిన అంశాల్లో అగ్నిమాపక సేవలున్నాయి. పంచాయతీలకు 29 అంశాలు రాసిచ్చిన పదకొండో షెడ్యూలులో అవి లేవు. మంట పల్లెకు కూడా వస్తుందని రాసినవాళ్ళకు తట్టలేదేమో!

ఎగువన నల్లమల, ఎక్కడో కాలిఫోర్నియా

మన నది దిగివచ్చే నల్లమలలో చూడండి. వేసవికి ముందే మంట దాటకుండా అగ్నిరేఖలు చేస్తారు. వన సంరక్షణ సమితులున్నాయి. ఉపగ్రహం కనిపెట్టిన మంటను భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఎస్ఎంఎస్‌గా అటవీ సిబ్బందికి పంపుతుంది. 2014 తరువాత ఆ అడవి ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం, అటు తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యాలుగా రెండు రాష్ట్రాల కింద ఉంది. గీత మనుషులు గీసుకున్నది. మంటకు గాలే దిక్కు. రెండు రాష్ట్రాల సిబ్బందీ ఒకరికొకరు కబురు చెప్పుకోక తప్పదు.

ప్రణాళిక ఉన్నంత మాత్రాన గట్టెక్కుతామా? అదీ కాదు. 2018 నవంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్యారడైజ్ పట్టణం కాలిపోయి, ఆ కార్చిచ్చులో 85 మంది చనిపోయారు. ఆ ఊరికి ప్రణాళిక లేక కాదు. ఊరిని భాగాలుగా చేసి ఒక్కో భాగాన్నీ వరసగా ఖాళీ చేయించాలని రాసుకున్నారు. మంట ఆ వరస ఆగనివ్వలేదు. ఉన్న కొద్ది రోడ్ల మీద కార్లు ఇరుక్కుపోయాయి. అంత డబ్బున్న దేశంలోనే దారి చాలకపోతే, ఒకే బాట ఉన్న లంక సంగతి మనం ముందే ఆలోచించుకోవద్దా?

మేము కోరేది

మొదటిది, సంక్రాంతికి ముందే ప్రతి ఊరికీ ఒకే ఒక్క కాగితం. అందులో నీళ్ళున్న చోట్లు, డీజిలు ఇంజన్లు, ట్యాంకర్లు, బాటలు, నడవలేని వృద్ధులున్న ఇళ్ళు, ఫోను నంబర్లు. పంచాయతీ గోడ మీద అంటించాలి.

రెండోది, తహసీల్దారు, అగ్నిమాపక, విద్యుత్తు, నీటిపారుదల, వ్యవసాయ, పశుసంవర్ధక, పోలీసు అధికారులు గ్రామసభలో కూర్చుని ఆ కాగితాన్ని జనంతో కలిసి రాయాలి. మంట రోజున ఆజ్ఞ ఎవరిదో, వాళ్ళు లేకపోతే ఎవరిదో అందులోనే తేలాలి.

మూడోది, కాలువలు కట్టే ముందు గుర్తించిన చెరువులు, గుంటలు నింపాలి. తాగునీటితో పాటు మంటలార్పే నీళ్ళు కూడా లెక్కలో ఉండాలి.

నాలుగోది, నది అవతలి గట్టు గుంటూరు జిల్లా. రెండు గట్ల మధ్య లంకలకు ఉమ్మడి ఏర్పాటు కావాలి. దగ్గరున్న బండి ఏ జిల్లాదైనా సరే, అదే ముందు రావాలి.

ఐదోది, చెత్త కాల్చకుండా పరిచే రైతుకు కూలి సాయం, కౌలుదారుకు పరిహారంలో చోటు.

విద్యార్థులారా, ఈ వేసవి సెలవుల దాకా ఆగకండి. సైకిలేసుకుని లంకలన్నీ తిరిగి పటం గియ్యండి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా ప్రణాళిక నకలు అడగండి. అందులో మీ ఊరి పేరుందో లేదో వెతకండి. ఉద్యోగ మిత్రులారా, మీరు పగలు ఆ శాఖల్లో ఉంటారు, సాయంత్రం ఈ సభల్లో ఉంటారు. ఫైలుకూ ఊరికీ మధ్య వంతెన మీకంటే బాగా ఎవరు కట్టగలరు? 1972లో కలాలు కింద పెట్టి ఉద్యమం నడిపారు. ఇప్పుడు కలం పట్టుకునే నడపాలి.

రాష్ట్రం కావాలనడం మన హక్కు. మన ఊరిని మనమే కాపాడుకోగలమని చూపించడం ఆ హక్కుకు సాక్ష్యం. స్వపరిపాలన అంటే సచివాలయం మీద జెండా మారడం కాదు, మంట లేచిన మొదటి అరగంటలో లంక ఒంటరిది కాకపోవడం. ఆ కాగితం రాయడం ఈ తోట్లవల్లూరు నుంచే మొదలుపెడదాం.

జై ఆంధ్ర!