కృత్తికల్ని పిల్లల్నే లెక్కపెట్టనివ్వండి

చుక్కల గురించి చెప్పమని అరకు పిలిచారు, సంతోషం. పిలిచినవారే ఇందాక టీ తాగుతూ, "మనం చూసే చుక్కల్లో సగం ఎప్పుడో చచ్చిపోయాయట కదండీ?" అన్నారు. లేదండీ బాబూ! కృత్తికలు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరం. ఇవాళ చూసే వెలుగు చార్మినార్ కట్టే రోజుల నాటిది. వాటి వయసా, 10 కోట్ల ఏళ్ల పైమాట. 440 ఏళ్లలో వాటికేం ముంచుకొస్తుంది?

నా అసలు పేచీ మన పాఠాల్లో వేసే బొమ్మతో. మబ్బు, నక్షత్రం, పేలుడు, మధ్యలో బాణం గుర్తులు. అది చూసి అన్నీ పేలిపోతాయనుకుంటారు పిల్లలు. ఒక నక్షత్రం పుట్టుకా చావూ రెండూ చూసిన మనిషి లేడు. తెలిసిందంతా చుక్కల గుంపుల వల్లే. ఒకే మబ్బులో ఇంచుమించు ఒకేసారి పుట్టినవి కాబట్టి, తేడా అంతా బరువులోనే.

అలాంటి గుంపే కృత్తికలు. మొన్న కార్తీకంలో, పౌర్ణమి వెళ్లిన వారానికి, ఒక ఆశ్రమ పాఠశాల మైదానంలో కాగితాలిచ్చి, కృత్తికలు ఎన్ని కనిపిస్తే అన్ని చుక్కలు పెట్టమన్నాను. ఏడో తరగతి పాప తొమ్మిది పెట్టింది. మాస్టారు మూడు కొట్టేశారు! కుమారస్వామిని పెంచిన తల్లులు ఆరుగురేనట. కెప్లర్‌కు గురువైన మేస్ట్లిన్, టెలిస్కోపు పుట్టకముందే, 1579లో పదకొండు గుర్తించాడు. గెలీలియో 1610లో 36 గీశాడు. విశాఖ దీపాల కింద ఆరు కనిపిస్తే గొప్పే. అరకు చీకట్లో తొమ్మిదెందుకు కనిపించవూ? ఆ కాగితం నా దగ్గరుంది. కొట్టేసిన మూడూ ఉండాల్సిన చోటే ఉన్నాయి, అట్లాస్ అనే చుక్కకు అంటుకున్నట్టుండే ప్లయోనీతో సహా. నవ్వకండి, నాకింకా కోపం తగ్గలేదు.

లెక్కయ్యాక రంగు అడగండి. నీలం. నీలమంటే చల్లన కాదు, ఎరుపుకన్నా వేడి. ఆ వేడి బరువు వల్లే. బరువైన చుక్క దుబారా మనిషి. సూర్యుడికి పదింతలుంటే మూడు కోట్ల ఏళ్లు కూడా వెలగదు. కృత్తికల్లో అంత బరువైనవి ఇప్పుడు మిగల్లేదు. వాటి వయసు పట్టిచ్చింది ఆ లోటే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, గబగబా చెప్పేస్తాను. మే నెల రాత్రి దక్షిణాన కిందుగా ఒమేగా సెంటారీ చూడండి. కోటి చుక్కల ముద్ద, దాదాపు 1200 కోట్ల ఏళ్లది. బరువైనవన్నీ ఎప్పుడో పోయాయి. ఇక ఆ పేలుడు బొమ్మ మాటకొస్తే, సూర్యుడు పేలడు. ఇంకో 500 కోట్ల ఏళ్లకు ఉబ్బి, ఎర్రబడి, పైపొరలు వదిలేసి తెల్లటి మరుగుజ్జవుతాడు. అలాంటి మరుగుజ్జు సూర్యుడికి 1.4 రెట్లకు మించి బరువుండకూడదని తేల్చినవాడు చంద్రశేఖర్. అది వేరే ఉపన్యాసం.

టెలిస్కోపు లేదని మాత్రం అనకండి, లెక్కకు కళ్లు చాలు. ప్రశ్నలు మైదానంలో అడగండి. ముందెవరైనా వెళ్లి ఆ ఫ్లడ్‌లైటు ఆర్పించండి.