చరణాలు కూడా విందాం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, టెక్నాలజీ మీద కాసేపు మాట్లాడు" అన్నారు. టెక్నాలజీ గురించి మీ జేబులో ఉన్న ఫోను నాకన్నా బాగా చెబుతుంది. నలభై ఏళ్ళుగా నన్ను వదలని పిచ్చులు రెండున్నాయి: ఒకటి రాక్ సంగీతం, రెండోది ఎన్నికలు. వాటి గురించి అయితే మాట్లాడతానన్నాను. "సరే, పాడకుండా ఉంటే చాలు" అన్నారాయన.

నా పార్టీ ఏమిటో ముందే చెప్పేస్తాను. నేను ఉదారవాదిని. అమెరికా పౌరసత్వం వచ్చినప్పటి నుంచి డెమొక్రాట్లకే ఓటేస్తున్నాను. మీరందరూ నాతో ఏకీభవించాలని లేదు. ఎవరికి ఓటెయ్యాలన్నది ఇవాళ్టి విషయం కాదు. పాట ఎవరిది అన్నదే విషయం.

మా తరానికి 1983 ఎన్నికలు గుర్తుండే ఉంటాయి. మైకు కట్టిన జీపు స్కూలు ముందు నుంచి పోతుంటే పాఠం ఆగిపోయేది. మన దగ్గర ఎన్నికల పాటకి ఒక పద్ధతి ఉంది: హిట్టయిన సినిమా పాట బాణీ తీసుకుని, అందులో మాటలు తీసేసి, అభ్యర్థి పేరూ గుర్తూ పెట్టేస్తారు. అమెరికాలో పద్ధతి వేరు. పాటని ఉన్నదున్నట్టుగా, అసలు గాయకుడి గొంతుతోనే వేస్తారు. కాకపోతే జనం చెవిలో పడేది పల్లవి ఒక్కటే. చరణాలు చప్పట్లలో కలిసిపోతాయి.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట 'బోర్న్ ఇన్ ద యు.ఎస్.ఏ.' 1984 జూన్‌లో వచ్చింది. పల్లవి వింటే జెండా పట్టుకుని నిలబడాలనిపిస్తుంది. చరణాల్లో ఉన్నది వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక కూలివాడి గోడు. రిఫైనరీలో పని దొరకదు, ప్రభుత్వ కార్యాలయంలో సాయం దొరకదు, తోడబుట్టినవాడిలాంటి మనిషి అక్కడే చచ్చిపోయాడు. ఆ సెప్టెంబరులో జార్జ్ విల్ అనే ప్రసిద్ధ కాలమిస్టు స్ప్రింగ్‌స్టీన్‌ని పొగుడుతూ రాశారు. కొద్ది రోజులకే, సెప్టెంబరు 19న, న్యూజెర్సీలోని హామంటన్ సభలో అధ్యక్షుడు రేగన్ ఈ గాయకుడి పేరెత్తి, ఆయన పాటల్లో ఆశాసందేశం ఉందన్నారు. రేగన్ ఆ సభలో ఈ పాట వేశారని చాలామంది చెబుతారు కానీ, ఆయన చెప్పింది గాయకుడి పేరే. పాట పేరు చెప్పలేదు.

కొద్ది రోజుల్లోనే పిట్స్‌బర్గ్‌లో కచేరీ. అధ్యక్షుడికి నా ఆల్బమ్‌లలో ఏది ఇష్టమో, 'నెబ్రాస్కా' అయితే కాదనుకుంటా అని స్ప్రింగ్‌స్టీన్ వేదిక మీద వ్యాఖ్యానించి, ఆ 'నెబ్రాస్కా' నుంచే 'జానీ 99' పాడారు. కార్ల ఫ్యాక్టరీ మూతపడి, పని పోయి, తాగిన మైకంలో ఒకణ్ణి కాల్చేసిన కార్మికుడి కథ అది. తిట్టలేదు, కేసు పెట్టలేదు. చరణం వినిపించారు. జవాబంటే అలా ఉండాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అయితే ఆ జవాబు వల్ల ఓట్లు మారాయా? నవంబరులో రేగన్ 50 రాష్ట్రాలకుగాను 49 గెలిచారు, న్యూజెర్సీతో సహా. ఇరవై ఏళ్ళ తర్వాత, 2004లో, అదే స్ప్రింగ్‌స్టీన్ ఈసారి బాహాటంగా జాన్ కెరీ పక్షాన నిలబడ్డారు. ఆర్.ఇ.ఎం., పెర్ల్ జామ్ వంటి బ్యాండ్లతో కలిసి 'ఓట్ ఫర్ చేంజ్' పేరుతో, పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల్లో కచేరీలు చేశారు. కెరీ ఓడిపోయారు. ఫలితం తేల్చిన ఒహాయోలో తేడా సుమారు 1,18,000 ఓట్లు. పాట హాలు నింపుతుంది, ఓటుపెట్టె నింపుతుందన్న నమ్మకం లేదు.

మరి గాయకుడు తన పాట వెయ్యొద్దని ఆపలేడా? ఇంజనీరుని కనక ఇదెలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకున్నాను. అక్కడ ఆస్కాప్, బీఎమ్ఐ అని పాటల హక్కుల సంస్థలున్నాయి. వాటికి రుసుం కట్టి లైసెన్సు తీసుకుంటే లక్షల పాటలు సభల్లో వేసుకోవచ్చు, ప్రతి పాటకీ విడిగా అడగక్కర్లేదు. రాజకీయ ప్రచారాలకిచ్చే లైసెన్సులో మాత్రం, రాసినవారు అభ్యంతరం చెబితే ఆ పాటని జాబితా నుంచి తీసెయ్యొచ్చు. ఇక టీవీలోనో ఇంటర్నెట్‌లోనో ప్రకటనలో వాడాలంటే విడిగా అనుమతి కావాలి. 2008లో మెకెయిన్‌కి అనుకూలంగా వచ్చిన ఒక ప్రకటనలో 'రన్నింగ్ ఆన్ ఎంప్టీ' పాట వాడినందుకు జాక్సన్ బ్రౌన్ కోర్టుకెళ్ళారు. మరుసటి ఏడాది క్షమాపణతో రాజీ కుదిరింది. 2010లో ఫ్లోరిడా గవర్నర్ చార్లీ క్రిస్ట్ మీద డేవిడ్ బర్న్ కేసు వేస్తే, క్రిస్ట్ చివరికి వీడియోలో క్షమాపణ చెప్పుకున్నారు.

కోర్టు చెయ్యగలిగింది ఇంతే. పాటని లౌడ్‌స్పీకర్ నుంచి దింపగలదు, వినేవాడి మనసులోంచి దింపలేదు. న్యూజెర్సీ రిపబ్లికన్ గవర్నర్‌గా పనిచేసిన క్రిస్ క్రిస్టీ వందకు పైగా స్ప్రింగ్‌స్టీన్ కచేరీలు చూశానని చెప్పుకుంటారు. ఆయన రాజకీయం వేరు, గాయకుడి రాజకీయం వేరు. 2012లో శాండీ తుపాను తర్వాత స్ప్రింగ్‌స్టీన్ తనని కౌగిలించుకున్నాక ఇంటికెళ్ళి ఏడ్చానని బహిరంగంగా చెప్పారు. రెండేళ్ళు తిరక్కుండా ఒక వంతెన దగ్గర ట్రాఫిక్ ఆపిన వ్యవహారం మీద అదే స్ప్రింగ్‌స్టీన్ టీవీలో పేరడీ పాట కట్టి ఆయన్ని ఉతికేశారు. అయినా క్రిస్టీ అభిమానం పోలేదు. అలాంటివాణ్ణి పట్టుకుని "నీకు ఈ పాట వినే అర్హత లేదు" అనడానికి నేనెవర్ని?

ఉదారవాదులం మేము చెప్పుకోవడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. ఒహాయోలో యంగ్స్‌టౌన్ అనే ఉక్కు పట్టణముంది. 1977 సెప్టెంబరు 19న అక్కడ పెద్ద ఉక్కు కర్మాగారం మూసేస్తున్నామని ప్రకటించారు. ఒక్క దెబ్బకి సుమారు 5,000 మంది పని పోయింది. ఆ రోజుని ఇప్పటికీ నల్ల సోమవారం అంటారు. 1995లో స్ప్రింగ్‌స్టీన్ ఆ ఊరి పేరుతోనే పాట రాశారు. మాలాంటివాళ్ళం ఆ పాట విని కళ్ళు తుడుచుకున్నాం. ఆ ఊరున్న మహోనింగ్ కౌంటీ 2020లో డోనాల్డ్ ట్రంప్‌కి ఆధిక్యం ఇచ్చింది. 1972 తర్వాత అక్కడ ఒక రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి ముందుండటం అదే మొదటిసారి. అంటే పాటలోని మనుషులే పాడినవాడి మాట కాదన్నారు.

ఇందులో నా వంతు కూడా ఉంది. నా ఉద్యోగం ఫ్యాక్టరీల్లో ఆటోమేషన్ పెట్టడం. ఒకసారి ఒక ప్లాంటులో భోజనాల వేళ రేడియోలో స్ప్రింగ్‌స్టీన్ పాట వస్తోంది. పక్కన కూర్చున్న మెకానిక్, "ఇతనంటే నీకూ ఇష్టమా?" అన్నాడు. ఇష్టమన్నాను. కాసేపు ఆగి, "నువ్వు బిగిస్తున్న ఈ ప్యానెల్ పనిలోకొచ్చాక మాలో ఎంతమంది మిగులుతారు?" అని అడిగాడు. నా దగ్గర లెక్కుంది. చెప్పే అధికారం లేదు. అతను ఎవరికి ఓటేస్తాడో నేనడగలేదు. అతని గురించి రాసిన పాటలు నా దగ్గర ఆల్బమ్‌లకి ఆల్బమ్‌లు ఉన్నాయి, అతని ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. చేతిలో ఓటున్న మనిషి జవాబు దొరికేచోటు వెతుక్కుంటాడు. అక్కడ దొరికేది నిజమైన జవాబో కాదో తర్వాతి మాట.

అసలు నాకీ పిచ్చి అంటించినవాడు మన స్కూలువాడే. వాళ్ళన్నయ్య మర్చంట్ నేవీలో ఉండేవాడు. ఆయన విశాఖలో ఓడ దిగినప్పుడల్లా వీడి చేతికి రెండు క్యాసెట్లు వచ్చేవి. పదో తరగతి పరీక్షల ముందు కూడా వాళ్ళ మేడమీద గదిలో అవే విన్నాం. ఇప్పుడు వాడు టెక్సస్‌లో ఉంటాడు. ప్రతి ఎన్నికలోనూ నా ఓటుని వాడి ఓటు కొట్టేస్తుంది. 2016 తర్వాత మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మాటా మాటా పెరిగి, ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం బయటికొచ్చేశాం. రెండేళ్ళు పలకరింపుల్లేవు. 2023లో స్ప్రింగ్‌స్టీన్ టెక్సస్ వస్తున్నాడని తెలిసి వాడే ఫోన్ చేశాడు: "ఒరేయ్, టికెట్లు తీశాను. రాజకీయాలు మాట్లాడకుండా ఉండగలిగితే రా." వెళ్ళాను. మూడు గంటలు పక్కపక్కన నిలబడి గొంతు పోయేలా పాడాం. ఆ తర్వాత తెల్లవారుజాము దాకా రాజకీయాలే మాట్లాడాం. వాడు మారలేదు, నేనూ మారలేదు. కానీ వాళ్ళ ఊళ్ళో ఆసుపత్రి ఖర్చుల గురించి, పన్నుల గురించి వాడు చెప్పినదంతా మధ్యలో అడ్డం పడకుండా విన్నాను. ఇదిగో, మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నాడు.

గాయకుల గురించి చివరగా ఒక్క మాట. కెనడాలో పుట్టిన నీల్ యంగ్ అమెరికాలో అర్ధశతాబ్దానికి పైగా ఉండి, ఎందరో అధ్యక్షుల మీద పాటలు కట్టారు. 2015లో ట్రంప్ తన అభ్యర్థిత్వం ప్రకటించిన రోజు వేసింది ఈయన పాటే. తాను బలపరిచేది బెర్నీ శాండర్స్‌నని ఈయన మొత్తుకున్నారు. చివరికి 74 ఏళ్ళ వయసులో, 2020 జనవరిలో, ఓటు కోసం పౌరసత్వం తీసుకున్నారు. మన గద్దర్ గారు దశాబ్దాల పాటు ఎన్నికల బహిష్కరణ వైపు నిలబడ్డారు. ఆయన కూడా 2018లో మొదటిసారి ఓటేశారు. ఇద్దరి పాటలూ కోట్లమంది దగ్గరికి వెళ్ళాయి. అయినా ఇద్దరూ ఆ వయసులో వెళ్ళి వరుసలో నిలబడ్డారు. పాట చెయ్యలేని పని ఓటు చేస్తుందని వాళ్ళకి అర్థమయ్యే ఉంటుంది. ఓటు చెయ్యలేని పని పాట చేస్తుందని మనకు ముందే తెలుసు.

ఇక పిల్లలకి. మా చిన్నప్పుడు ఓటు రావాలంటే 21 ఏళ్ళు నిండాలి. 1989లో అది 18 అయింది. మీలో పదో తరగతివాళ్ళకి ఇంకో మూడేళ్ళలో ఓటొస్తుంది. అప్పటికి మీ ఫోన్ల నిండా పల్లవులే ఉంటాయి. పల్లవి బాగుంటే తల ఊపండి, తప్పులేదు. ఓటేసే ముందు మాత్రం చరణాలు చదవండి. ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు అఫిడవిట్ ఇవ్వాలి. ఆస్తులెంత, అప్పులెంత, కేసులేమిటి, చదువేమిటి అన్నీ అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. దానికి బాణీ ఉండదు, డ్రమ్స్ ఉండవు. పది నిమిషాలు పడుతుంది.

అదంతా చదివాక కూడా మీ పక్క బెంచీవాడు వేరే గుర్తుకి ఓటేస్తాడు. వెయ్యనివ్వండి. గ్రూపులోంచి మాత్రం బయటికి పోకండి, వాణ్ణి పోనివ్వకండి.