ఎపిసోడ్ పాఠం: పంది కాని పంది

మలేసియాలో 14 ఏళ్ల నుంచి సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. చదివింది ఐటీఐ. జంతువుల గురించి మాట్లాడే అర్హత నాకేం లేదు గానీ, ఒక జంతువు విషయంలో చెప్పాల్సింది ఉంది.

పహాంగ్ రాష్ట్రంలో రోడ్డు వెడల్పు చేసే పని. ఒక పక్క అడవి, ఇంకో పక్క పామాయిల్ తోట, మధ్యలో చిన్న వాగు. ఒకరోజు పొద్దున్నే కల్వర్టు దగ్గర తడి మట్టిలో అడుగులు కనిపించాయి. మన శ్రీకాకుళం కుర్రాడు, ఎక్స్‌కవేటర్ ఆపరేటర్, "అడవి పందన్నా" అన్నాడు. పంది అడుగైతే రెండు గిట్టలుగా చీలి ఉంటుంది కదా. ఇక్కడ ముందు కాళ్లకి నాలుగు వేళ్లు, వెనక కాళ్లకి మూడు. పక్కనున్న మలయ్ పనివాడు చూసి "తెనుక్" అన్నాడు. ఇంగ్లీషులో టాపిర్. మనకి దానికి తెలుగు పేరు లేదు.

చూడ్డానికి పందిలాగే ఉంటుంది, మూతి మాత్రం చిన్న తొండంలా సాగి ఉంటుంది. అసలు చుట్టాలు ఖడ్గమృగం, గుర్రం. బరువు 250 నుంచి 320 కిలోల వరకు, కొన్ని ఇంకా ఎక్కువ కూడా. ముందు భాగం, కాళ్లు నలుపు, నడుం మీద తెల్ల దుప్పటి కప్పినట్టు ఉంటుంది. వెన్నెల్లో పడుకుంటే బండరాయి అనుకుంటాం. పులికి కనబడకుండా ఉండటానికి పనికొచ్చే ఆ రంగే రాత్రి లారీ డ్రైవర్‌కీ కనబడదు. చూపు అంతంతే, వాసన, వినికిడి మాత్రం బాగా పనిచేస్తాయి. ఆకులు, లేత చిగుళ్లు తింటుంది. నీళ్లంటే ఇష్టం, వాగు అడుగున నడుచుకుంటూ కూడా పోతుందట. పంది పోలిక ఉందని ఇక్కడి ముస్లింలు తినరు కాబట్టి వేట తక్కువ. అదొక్కటే దానికి కలిసొచ్చింది లెండి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. సైట్‌లోకి ఎవరూ రాకుండా వాగు పక్కన రేకుల హోర్డింగ్ కొట్టించింది నేనే. డ్రాయింగ్‌లో ఉంది, కొట్టించేశాను. ఆ అడుగులు అక్కడినుంచే వస్తున్నాయని తెలుసు. అయినా ఒక జంతువు కోసం డ్రాయింగ్ మారుస్తారా అనుకున్నాను. వాగులోకి దారి లేక అది రేకుల వెంబడి నడిచి రోడ్డెక్కింది. తెల్లవారుజామున మా నీళ్ల ట్యాంకర్ గుద్దేసింది. డ్రైవర్ తప్పేం లేదు, దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు అతనికి.

వన్యప్రాణి శాఖ వాళ్లు, అంటే పెర్హిలితాన్, వచ్చి ఆడది అన్నారు. దీని గర్భం దాదాపు 13 నెలలు, పుట్టేది ఒక్కటే పిల్ల. పుట్టినప్పుడు పుచ్చకాయలా చారలు, చుక్కలు ఉంటాయి, కొన్ని నెలలకి పోతాయి. ప్రపంచం మొత్తం మీద పెద్దవి 2500 లోపే ఉంటాయని అంచనా. ఇక్కడా, సుమత్రాలో, థాయిలాండ్, మయన్మార్‌లో తప్ప ఇంకెక్కడా అడవిలో దొరకవు. అంటే ఒక ఆడది పోతే ఎంత నష్టమో లెక్క వేసుకోండి.

ఆ రోజు మధ్యాహ్నం మీటింగ్‌లో, పాత దారి ఉన్నచోట హోర్డింగ్ తీసేసి నాలుగు మీటర్లు ఖాళీ వదలాలని అడిగాను. ఆలస్యమవుతుందన్నారు, ఎవరు డబ్బు కడతారన్నారు. చివరికి ఒప్పుకున్నారు, రాత్రి ట్యాంకర్ కూడా ఆపారు. తెరెంగానులో కెన్యిర్ దగ్గర ఏనుగులు, టాపిర్‌లు కింద నుంచి దాటేలా రోడ్డునే వంతెనల మీద లేపారు. అంత ఖర్చు మా పనిలో లేదు. నాలుగు రేకులు విప్పడానికి రెండు గంటలు పట్టింది. అది ముందే చేసుంటే!

మూడు వారాలకి ఆ ఖాళీ దగ్గర మళ్లీ అడుగులు కనిపించాయి. వేరేదేమో మరి. మా కుర్రాడు ఫోటో తీసి నాకు పంపాడు, కింద "పంది కాదన్నా" అని రాశాడు.

కౌలాలంపూర్ నుంచి కువాంతాన్ వైపు రాత్రిపూట కారు నడిపేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అడవి పక్కన జంతువు బొమ్మ బోర్డు కనబడితే స్పీడ్ తగ్గించండి. చచ్చినదో దెబ్బ తగిలినదో కనబడితే దగ్గరికి వెళ్లకుండా పెర్హిలితాన్‌కి ఫోన్ చెయ్యండి. ఉంటానండి, షిఫ్ట్ టైమయింది.