కెమెరా ఎక్కడ నిలబడింది?



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు ఒకసారి ఫోన్ తీయండి. యూట్యూబ్‌లో థింసా అని కొట్టి, వచ్చినవాటిలో పాటల వీడియో ఏదైనా ఒకటి పెట్టండి. సౌండ్ అక్కర్లేదు. కెమెరా ఎక్కడుందో అదొక్కటే చూడండి.

అరకు వైపు వాళ్లకి థింసా ఎలా ఆడతారో నేను చెప్పక్కర్లేదు. పక్కామె వీపు వెనక మన చెయ్యి, మన వీపు వెనక ఆమె చెయ్యి. తుడుము మోగుతుంటే వరస మొత్తం ఒక్క మనిషిలా కదులుతుంది. అందులో ముసలమ్మ ఉంటుంది, ఎనిమిదో తరగతి పిల్లా ఉంటుంది. చూడ్డానికని వచ్చినవాళ్లు కూడా కాసేపటికి వరసలో దూరిపోతారు. అక్కడ ఎవరు అందంగా ఉన్నారని ఎవరూ చూడరు. అడుగు కలిసిందా లేదా, అంతే.

ఇప్పుడు మీ ఫోన్‌లో వీడియో చూడండి. చాలావాటిలో ముసలమ్మ ఉండదు. వరస విడిపోయి మధ్యలో ఒక్క అమ్మాయి మిగులుతుంది. కెమెరా నేల మీంచి మొదలుపెట్టి కాళ్లు, నడుం, వీపు అంటూ మనిషిని ముక్కలు చేసి చూపిస్తుంది. ముఖం ఆఖర్న వస్తుంది, అదీ ఎవడికో కన్ను కొడుతూ. మోకాలి పైకి బిగించే మన చీరకట్టు కొండెక్కడానికి, పోడులో వంగడానికి పుట్టింది. ఆ వీడియోలో దాని పని వేరే.

దీన్నే మేల్ గేజ్ అంటారు, మగచూపు. 1975లో లారా మల్వీ అనే బ్రిటిష్ సినీ విమర్శకురాలు హాలీవుడ్ సినిమాల గురించి రాస్తూ చెప్పిన మాట ఇది. తెర మీద చూసేవాడు మగాడు, చూపబడేది ఆడది. కెమెరా కన్ను, హీరో కన్ను, టికెట్ కొన్నవాడి కన్ను ఒకటైపోతాయి. ఆడవాళ్లం కూడా అదే కుర్చీలో కూర్చుని మనల్ని మనం చూసుకుంటాం.

2021లో వచ్చిన పుష్పలో ఐటం పాట గుర్తుందా? రాసింది చంద్రబోస్, పాడింది బంజారా గాయని ఇంద్రావతి చౌహాన్. ఆ పాటలో మాటలు మగాళ్ల చూపునే కడిగేస్తాయి. ఏం కట్టుకున్నా, ఎలా ఉన్నా మీ బుద్ధి ఒకటేగా అని నిలదీస్తాయి. కెమెరా మాత్రం ఆ బుద్ధి అడిగిందే చూపిస్తుంది. చెవికి తిట్టు, కంటికి విందు. ఎక్కువమందికి ఏది గుర్తుండిపోయిందో మీరే చెప్పండి.

ఇది విని, అమ్మాయిలు ఒళ్లు కప్పుకోవాలని అక్క చెబుతోంది అనుకోకండి. రవిక లేకుండానే ఆడిన అమ్మమ్మలు మనకున్నారు. వాళ్ల ఊళ్లో అది ఎవరికీ వింత కాలేదు. సిగ్గుపడమని మనకి నేర్పినవాళ్లే ఇప్పుడు అదే ఒంటిని థంబ్‌నెయిల్ చేసి అమ్ముకుంటున్నారు. గొడవ గుడ్డతో కాదు.

సినిమావాళ్లని తిట్టడం తేలిక. సినిమాకి కనీసం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. నేరుగా యూట్యూబ్‌లో పెట్టే పాటకి అదీ అక్కర్లేదు. ఆ పాటలు ఇప్పుడు మన కుర్రాళ్లే తీస్తున్నారు. నాకు బాధ అక్కడే.

మా వైపు ఇంటర్ చదివే పిల్ల ఒకతె అలాంటి పాటలో ఆడింది. చక్కగా ఆడింది. నీళ్ల బిందె ఎత్తుకోవడానికి వంగిన క్షణాన్ని పట్టుకుని, ఎర్ర గీతతో సున్నా చుట్టి థంబ్‌నెయిల్ పెట్టారు. కింద కామెంట్లలో రేటు అడిగారు. కొండపిల్లలంటే ఇంతేగా అన్నారు. రెండు నెలలు ఆ పిల్ల సంతకి రాలేదు.

తీసినవాడు చెడ్డవాడేం కాదు, మనవాడే, ఐటీడీఏ ధర్నాకి మా పక్కన కూర్చున్నవాడే. ఎందుకురా అలా పెట్టావంటే, "అది పెట్టకపోతే వ్యూస్ రావక్కా" అన్నాడు. భూమి గురించి మాట్లాడేటప్పుడు గ్రామసభని అడక్కుండా తీసుకోవద్దంటాం కదరా, మరి ఆ పిల్లని అడిగావా అన్నాను. తల దించుకున్నాడు. ఆ రాత్రే థంబ్‌నెయిల్ తీసేశాడు గానీ, అప్పటికే ఆ ఫోటో ఎన్ని ఫోన్లలోకి వెళ్లిపోయిందో.

ఆ పిల్ల మాత్రం ఆడటం మానను అంది. "ఈసారి ఎడిటింగ్ చేసేటప్పుడు నన్నూ పక్కన కూర్చోబెట్టండి" అని అడిగింది. కూర్చోబెట్టారు. కొత్త పాటలో వరస విడిపోలేదు. కెమెరా పట్టుకున్నవాడు వరసలోనే నడిచాడు, అందుకే బొమ్మ కొంచెం ఊగింది. చివర్లో వాళ్ల అమ్మమ్మ కెమెరాని చూసి, "నువ్వూ రారా, అడుగు వెయ్యి" అని కసిరింది. ఆ ముక్క తీసేద్దామన్నాడు వాడు. వద్దంది ఆ పిల్ల.