పంపిన డేటా ఎక్కడ పోయింది?

విద్యార్థులారా! సురక్షిత కనెక్షన్ మీద మీ ప్రోగ్రాం ఒక ఫైలు పంపి, వెంటనే కనెక్షన్ మూసేసింది. ఎక్కడా దోషం చూపలేదు. కానీ సర్వర్‌లో ఫైలు చివరి భాగం లేదు. ఎందుకంటారు?

‘రైట్’ సఫలమైందంటే డేటా మీ కంప్యూటర్‌లోని బఫర్‌కు చేరిందని మాత్రమే అర్థం. అవతలివారు చదివారని కాదు. పైగా, మీకు వచ్చిన డేటాను చదవకుండా సాకెట్ మూస్తే, లైనక్స్ వంటి సిస్టమ్‌లు మామూలు ముగింపుకు బదులు ‘రీసెట్’ పంపుతాయి. దాంతో సర్వర్ ఇంకా చదవని డేటా కూడా పోవచ్చు.

‘నాకేమీ రాలేదే!’ అంటారేమో. వచ్చింది. 2018లో ప్రమాణంగా వెలువడిన టీఎల్ఎస్ 1.3లో, హ్యాండ్‌షేక్ అయ్యాక సర్వర్ సాధారణంగా సెషన్ టికెట్లు పంపుతుంది. పంపడమే తప్ప చదవని ప్రోగ్రాంలో అవి అలాగే పడి ఉంటాయి. 1.2లో టికెట్ హ్యాండ్‌షేక్‌లోనే వచ్చేది కనుక అదే ప్రోగ్రాం చక్కగా నడిచేది!

కాబట్టి పంపడం అయ్యాక ‘క్లోజ్ నోటిఫై’ పంపండి; సాకెట్‌లో పంపే వైపు మాత్రమే మూయండి; అవతలి నుంచి ముగింపు అందేదాకా చదువుతూ ఉండండి. ఈ సందేశం 1995 నాటి ఎస్ఎస్ఎల్ 2.0లో లేదు. మధ్యలో ఎవరైనా దొంగ ముగింపు పంపి డేటాను కత్తిరించగలిగేవారు. అందుకే క్లోజ్ నోటిఫై లేకుండా కనెక్షన్ ముగిస్తే, అందుకున్నవారు ఫైలు పొడవు సరిచూసుకోవాలి. ఆ హెచ్చరికను నోరు నొక్కేసే ప్రోగ్రాంలు నేటికీ ఉన్నాయి. మీ ప్రయోగశాలలో వైర్‌షార్క్ తెరిచి, ముందు రీసెట్ పంపింది ఏ వైపో చూడండి.